లేచినావిడ వడ్డన

మిల్లు క్యాంటీన్‌లో ఆవిడ మూకుడు ముందు నిలబడిందంటే గేటు దగ్గర కాపలావాడికి కూడా ఆకలి వేసేదని చెప్పుకునేవారు. గాలి అటు తిరిగిన రోజున, గేటు అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సును వదిలేసి లోపలికి వచ్చేవారట. ఒకసారి బస్సే లోపలికి వచ్చిందని కూడా అంటారు గానీ, దాన్ని డ్రైవరు చివరిదాకా ఒప్పుకోలేదు. బ్రేకులు పట్టలేదన్నాడు. బ్రేకులు పట్టని బస్సు సరిగ్గా వంటింటి కిటికీ కిందే ఎలా ఆగిందని ఎవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళందరి నోళ్ళలోనూ అప్పటికే వేడి బంగాళాదుంప ముక్కలున్నాయి.

ఆవిడ చేతుల మీద మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలుండేవి. వాటిని కొంగుతో కప్పుకునే రకం కాదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు భయపడి దూరం నుంచి ముక్కలు విసిరితే, "అంత దూరం నుంచి విసిరితే నూనెకి కోపం రాదూ? దగ్గరికెళ్ళి, మర్యాదగా జార్చు" అని కసిరేది. ఉప్పు దగ్గర మరీ పట్టుదల. వేపుడు నూనెలోంచి తీసీ తియ్యగానే ఉప్పు చల్లాలి, అప్పుడే పట్టుకుంటుంది. చల్లారాక చల్లితే పళ్ళెం అడుక్కి రాలిపోతుంది. ఎంత ఉప్పు వేస్తే మనిషి ఇంకో ముక్క తీసుకుంటాడో, ఎంత వేస్తే నీళ్ళ చెంబు కోసం చూస్తాడో ఆవిడ వేళ్ళకి తెలుసు.

వంట ఆవిడ పని. ఫుట్‌బాల్ ఆవిడ ప్రాణం. చిన్నప్పుడు తండ్రి ఆటస్థలం దగ్గర వేయించిన వేరుశనగలు అమ్మేవాడు. ఆవిడ ప్రహరీగోడ మీద బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కళ్ళు బంతి మీద, చెయ్యి బుట్టలో. చూడకుండానే పొట్లం నిండేది, కొలత తప్పేది కాదు. ఒక్క మన నీలం చొక్కాలవాళ్ళు గోలు కొట్టినప్పుడు మాత్రం పిడికిలి అదుపు తప్పి ఒక పొట్లంలో రెండు పొట్లాల గింజలు పడేవి. అది కనిపెట్టిన గడుసువాళ్ళు ఆకలి వేస్తున్నా గోలు పడేదాకా ఆగి కొనుక్కునేవారు. నీలం జట్టు ఓడిపోతూ పోయిన సంవత్సరం వాళ్ళ నాన్న కొత్త గొడుగు కొన్నాడనీ, జట్టు గెలుస్తూ పోయిన సంవత్సరం ఆ గొడుగు తిరిగి అమ్మేశాడనీ ఆవిడే చెప్పేది.

పెళ్ళి ఒక దర్జీతో అయింది. ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసీ చేసీ, సూదులు లేనప్పుడు కూడా మాట్లాడటం మరిచిపోయిన మనిషి. ఆ ఇంట్లో మాటలన్నీ ఆవిడవే. ముందుగదిలో చిన్న టీవీ ఉండేది. అందులో ఆటగాళ్ళు చీమల్లా కనబడేవారు. అయినా ఆట ఉందంటే వీధి సగం ఆ గదిలోనే. డ్రిల్లు మేష్టారు, పోస్ట్‌మాన్, ఆవిడ చెల్లెలు, చెల్లెలి మొగుడు, ఇంకో నలుగురు. అందరూ ఒకే వరుసలో కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. వరుస చివర, వంటింటి గుమ్మానికి ఆనుకుని, ఆవిడ కుర్చీ.

ఆ వరుసకి ఒక కట్టుబాటు ఉండేది. బంతి ఆటలో ఉన్నంతసేపూ ఎవరూ కుర్చీలోంచి లేవకూడదు. ఎప్పుడో పోస్ట్‌మాన్ వీపు గోక్కోవడానికి సగం లేచాడట, అవతలి ఎర్ర చొక్కాలవాడు మైదానం మధ్య నుంచి కొట్టిన బంతి నేరుగా వలలో పడిందట. ఆ బంతి తనే సిగ్గుపడి మెల్లగా దొర్లిందని డ్రిల్లు మేష్టారు చెప్పేవారు. ఆ రోజు నుంచి ఆయన మాటే శాసనం. లేచి గోలు తెప్పించినవాడికి ఆ ఏడాదంతా వరుసలో కుర్చీ ఉండదు.

మనిషి నడవకూడదు కాబట్టి పళ్ళెమే నడిచేది. ఆవిడ చివర కూర్చుని అందిస్తే, చేతుల మీదుగా ఆ చివరిదాకా పోయి ఖాళీగా వెనక్కి వచ్చేది. ఏది ఎప్పుడు పెట్టాలో కూడా ఆవిడ లెక్క ఆవిడది. ఈల మోగకముందు మొక్కజొన్న పేలాలు, కంగారుగా ఉన్న చేతులకి పని కావాలి గనుక. మొదటి సగంలో వేరుశనగలు, చూడకుండా తినొచ్చు గనుక. కోడి రెక్కలు విరామంలోనే. ఎముక ఉన్నది ఆట నడుస్తుండగా ఇస్తే చూపు పళ్ళెం మీదకి పోతుంది. ఇక రెండో సగానికి సన్నగా కోసి వేయించిన బంగాళాదుంప ముక్కలు. ఉడికించిన గుడ్లు పెట్టమని ఒకాయన అడిగితే, "నోటినిండా గుడ్డు పెట్టుకుని గోలు పడితే ఎలా అరుస్తావు నాయనా? గుడ్డే అరవాలి" అంది.

అన్నీ బాగానే ఉండేవి, మరిది ఒక్కడు తప్ప.

చెల్లెలి మొగుడికి టీవీలు, ఫ్యాన్లు అమ్మే కొట్టు ఉంది. అన్నీ తనకి ముందే తెలుసనుకునే మనిషి. గోలు పడ్డాక "నేను అప్పుడే అనుకున్నా" అంటాడు, పడకపోయినా అదే మాట అంటాడు. వదిన వేపుడు ముక్కలంటే మాత్రం ఒళ్ళు మరిచిపోతాడు. అవి వేడిగా ఉండాలి. పళ్ళెం వరుసలో తన దాకా వచ్చేసరికి కాస్త చల్లారితే చాలు, మొహం ముడుచుకునేవాడు.

కిందటేడు ఫైనల్లో అదే కొంప ముంచింది. రెండో సగం నడుస్తోంది. చెరో గోలు. ఆవిడ టీవీకి కాస్త పక్కకి తిరిగి పళ్ళేల్లో ముక్కలు సర్దుతోంది. మరిది ఆ రోజు ఆవిడ పక్కనే కూర్చున్నాడు, అతని అవతల చెల్లెలు.

"వదినా, ఇవి చల్లారిపోయాయి. వేడివి లేవా?"

"పొయ్యి మీద ఉన్నాయి. ఆట ఆగనీ, తెస్తాను."

"ఆగింది వదినా. బంతి బయటికి పోయింది. లేవండి, తొందరగా."

బంతి ఎక్కడికీ పోలేదు. ఆవిడ నమ్మి లేచింది. నడుం ఇంకా పూర్తిగా నిటారు కాలేదు, ఎర్ర చొక్కాలవాడి బంతి వలలో ఊగుతోంది. అందరి తలలూ టీవీ వైపు నుంచి ఆవిడ వైపు తిరిగాయి.

"ఎవరు లేచింది?" అన్నారు మేష్టారు, ఎదురుగా కనబడుతున్నా.

"వదిన" అన్నాడు మరిది.

"నువ్వే కదా బంతి బయటికి పోయిందన్నావు?" అంది ఆవిడ మరిదితో.

"నేనా? నేనెప్పుడన్నాను వదినా? నా నోట్లో ముక్క ఉంది, ఎలా మాట్లాడతాను?"

ఆ మాట కూడా నోట్లో ముక్కతోనే అన్నాడు. చెల్లెలు తలవంచుకుని ఒళ్ళోని పళ్ళెం కేసి చూసింది. విన్నది అదొక్కతే. అది నోరు విప్పలేదు.

కప్పు ఎర్ర చొక్కాలవాళ్ళు పట్టుకుపోయారు. ఆవిడ పేరు ఆవిడకి పోయింది. మర్నాటి నుంచి వీధిలో ఆవిడ 'లేచినావిడ'. కూరగాయల కొట్టువాడు పక్కవాడితో, "లేచినావిడ వచ్చారు, దుంపలు తియ్యి" అనేవాడు. ఏ పాపం ఎరగని చంటిపిల్లలు కూడా అలాగే అనేవారు, వాళ్ళకి ఇంకో పేరు తెలియదు గనుక. మరిది తన ఇంట్లో గోడంత టీవీ బిగించాడు. ఆటగాడి ముక్కు మీద చెమట బొట్టు కూడా స్పష్టంగా కనబడేది. వరుస మొత్తం అక్కడికి మారిపోయింది. దర్జీని రమ్మన్నారు. ఆయన వెళ్ళలేదు. ఏడాదంతా ఇద్దరూ ఆ చీమల టీవీ ముందే కూర్చున్నారు. గోలు పడితే ఆవిడ అరిచేది, ఆయన మోకాలు తట్టుకునేవాడు. అరిచిన అరుపు ఖాళీ కుర్చీలకి తగిలి తిరిగొచ్చి ఆవిడ చెవిలోనే పడేది.

ఆవిడ ఏడవలేదు. పళ్ళు నూరింది. పళ్ళు నూరే చప్పుడు విని పక్కింటివాళ్ళు మిరియాలు దంచుతోందనుకునేవారు.

మళ్ళీ ఫైనలు వచ్చింది. మళ్ళీ నీలం, మళ్ళీ ఎర్ర. ఆ వారంలో మరిది పెళ్ళాన్ని వెంటబెట్టుకుని దిగాడు.

"వదినా, పాత సంగతులు మనసులో పెట్టుకోకండి. ఫైనలుకి మీ చేతి వంట లేకపోతే ఎలా?"

"ఏం, నువ్వు కొనుక్కొచ్చిన ప్యాకెట్లకేమొచ్చింది?"

"వాటి నిండా గాలే వదినా. మేష్టారైతే మొన్న ప్యాకెట్ చింపి, లోపల చూసి, మళ్ళీ మూసేశారు."

"నీ మాటలకీ వాటికీ ఈడూ జోడూ బాగా కుదిరిందే. విడదియ్యడం ఎందుకు?"

"వేళాకోళం మీకలవాటే. వస్తారా, మరి?"

"నా కుర్చీ ఎక్కడ వేస్తావు?"

మరిది దగ్గాడు. "కుర్చీ అంటే... వంటింట్లో మంచి స్టూలు వేయిస్తాను. ఫ్యాను కూడా ఉంది, కొత్తది. మేష్టారు ఒప్పుకోవట్లేదు వదినా, నన్నేం చెయ్యమంటారు? మీరు లేచే మనిషి కదా."

మూల నుంచి కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. దర్జీ తలెత్తి పెళ్ళాం మొహం చూశాడు. ఆవిడ నవ్వుతోంది.

ఆ నవ్వు ఆయన ఇంతకుముందు ఒకే ఒక్కసారి చూశాడు. మిల్లు క్యాంటీన్ సూపర్వైజరు నలుగురిలో ఆవిడని 'ముసలి మూకుడు' అన్నప్పుడు. ఆ తర్వాత ఆ పెద్దమనిషి పళ్ళెంలో ఒక్క ముక్క కరకరలాడలేదు. అదే మూకుడు, అదే నూనె, అదే గరిటె. పక్కవాడి పళ్ళెంలో కరకర, ఆయన పళ్ళెంలో మెత్తమెత్తన. పళ్ళేలు మార్చి చూశాడు. ఆయన ముందుకి రాగానే కరకరలాడేవి కూడా మెత్తబడేవి. చివరికి బదిలీ పెట్టుకుని పోయాడు. పోయిన చోట కూడా అప్పడాల్లాంటివి ఆయన్ని చూసి వంగిపోయేవని వినికిడి.

"వస్తాను మరిదీ. వంట నాది, చూపు మీది. అంతేగా?"

"అదీ మాట! నేను అప్పుడే అనుకున్నా, మీరు ఒప్పుకుంటారని."

వాళ్ళు వెళ్ళాక దర్జీ నోరు తెరిచాడు. "ఏం చెయ్యబోతున్నావు?"

"వంట."

ఆయన మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. ఆవిడ మనసులో మాత్రం అంతా వరుసగా ఉంది. మరిది పళ్ళెం వేరుగా పెట్టాలి. ఇంటాయన గనుక స్పెషలు. వేడి మీద ఉప్పు దండిగా పట్టించాలి, పైన మిరియాల పొడి చల్లాలి, నాలుక్కి ఉప్పు తెలిసేలోపు మిరియం ముందుకు రావాలి. పక్కన పెద్ద కూజా నిండా చల్లటి నిమ్మరసం, చక్కెర బాగా వేసి. తింటాడు, తాగుతాడు, మళ్ళీ తింటాడు. రెండో సగానికి కడుపు కుండలా నిండుతుంది. లేవకుండా ఉండలేడు. అతను లేచినప్పుడు ఎర్ర చొక్కాలవాళ్ళు గోలు కొడితే, ఏడాదంతా వీధి వీధంతా అతన్ని 'లేచినాయన' అంటుంది. ఎర్ర చొక్కాలవాళ్ళు గోలు కొట్టాలంటే నీలం చొక్కాలవాళ్ళు దాన్ని వదిలెయ్యాలి. ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆలోచన ఆపేసి దుంపలు తరిగేది.

ఫైనలు రోజున దర్జీ కూడా పెళ్ళాం వెంట వచ్చి వరుస అవతలి చివర కూర్చున్నాడు. మరిది ఇంటి వంటింట్లో స్టూలు వేసే ఉంది. అక్కడ కూర్చుంటే టీవీ కనబడదు, వరుసలో వాళ్ళ వీపులు మాత్రం కనబడతాయి. పక్కనే స్నానాలగది. చెల్లెలు పళ్ళేలు అందుకోవడానికి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. ఇప్పుడు వరుస చివర దానిదే.

"అక్కా, ఏదన్నా అను. మాట్లాడకుండా ఉంటే భయంగా ఉంది."

"ఇదిగో, ఈ పళ్ళెం మీ ఆయనకి. కలపకు. ఈ కూజా కూడా ఆయన పక్కనే పెట్టు."

చెల్లెలు ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి. అక్క మొహం కేసి చూసింది. పళ్ళెం కేసి చూసింది. తర్వాత పళ్ళెం తీసుకెళ్ళి మొగుడి ఒళ్ళో పెట్టింది. కూజాలో ఇంకో రెండు చెంచాల చక్కెర వేసి మరీ పెట్టింది.

"చూశారా మేష్టారూ!" మరిది గొంతు వంటింట్లోకి వినబడింది. "నాకు వేరే పళ్ళెం! ఇదండీ మా వదిన. కోపం ఉంటే ఇలా పెడుతుందా ఎవరైనా?"

"నాకూ ఒకటి ఇవ్వరాదూ?" అన్నాడు పోస్ట్‌మాన్.

"చెయ్యి తియ్యవయ్యా. నీ ఉత్తరాలు నువ్వు పంచుకో."

మొదటి సగం గోలు లేకుండానే గడిచింది. ఆవిడ వీపుల్ని చూసే ఆట చదువుకుంది. వీపులు ముందుకు వంగితే బంతి ఎర్ర గోలు దగ్గరున్నట్టు, వెనక్కి వాలితే మన గోలు దగ్గరున్నట్టు. మధ్యలో మరిది మోచెయ్యి పళ్ళెం నుంచి నోటికి, నోటి నుంచి గ్లాసుకి, గ్లాసు నుంచి పళ్ళేనికి మిల్లు యంత్రంలా తిరుగుతోంది. ఆ ఊపుకి కూజాలో నిమ్మరసం ఇంకే చప్పుడు వంటింట్లోకి వినబడిందని ఆవిడ తర్వాత ప్రమాణం చేసి చెప్పేది.

విరామం రాగానే స్నానాలగది ముందు అందరూ బారులు తీరారు. అదే సమయానికి ఆవిడ కోడి రెక్కల పళ్ళెం గుమ్మంలో పెట్టింది. మిరియం, వెల్లుల్లి, వేడి పొగ. మరిది బారు వైపు చూశాడు, రెక్కల వైపు చూశాడు. బారు తగ్గాక వెళ్దాం, రెక్కలు తగ్గితే మళ్ళీ రావు అనుకున్నట్టున్నాడు. వచ్చి పళ్ళెం పక్కనే నిలబడ్డాడు.

"వదినా, మీరు మనిషి కాదు."

"తిను మరిదీ, తిను. గొంతు పట్టేస్తుందేమో, నిమ్మరసం తాగు."

చివరివాడు స్నానాలగదిలోంచి బయటికి వచ్చేసరికి ఈల మోగింది. మరిది మూతి తుడుచుకుంటూ పరుగెత్తి కుర్చీలో కూలబడ్డాడు.

రెండో సగంలో ఆవిడ వేరే ఏ వీపూ చూడలేదు. మరిది ముందు కాలు మీద కాలు వేసుకున్నాడు. తర్వాత కాళ్ళు మార్చాడు. తర్వాత పాదాలు నేలకేసి తాటించడం మొదలుపెట్టాడు. పోస్ట్‌మాన్ విసుక్కున్నాడు, "ఏంటయ్యా, డోలు వాయిస్తున్నావు?"

"ఏం లేదు... ఆట భలేగా ఉంది."

"ఏది? బంతి మన గోలు దగ్గరే దొర్లుతోంది."

"బయటికి పోయిందా? బంతి బయటికి పోయిందా?"

"పోలేదు. కూర్చో."

"కొంచెం కూడా పోలేదా?"

మేష్టారు తల తిప్పకుండానే, "లేచావో, నీ ఇల్లయినా సరే, నీకు కుర్చీ ఉండదు" అన్నారు.

ఆ రోజు బంతి కూడా ఆవిడతో కలిసి కుట్ర పన్నిందో ఏమో, గీత దాకా వస్తుంది, గీత మీద నడుస్తుంది, బయటికి మాత్రం పోదు. ఎవడూ కింద పడడు, ఎవడికీ దెబ్బ తగలదు. రెఫరీ ఈల మింగేశాడేమో అనిపించింది. మరిది చొక్కా వీపంతా తడిసిపోయింది. ఆఖరికి రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, "నా వల్ల కాదు బాబోయ్" అని లేచాడు.

వరుసంతా గొల్లుమంది. అతను వంటింటి గుమ్మం దాటి ఆవిడ ముందు నుంచే స్నానాలగదిలోకి దూరాడు.

ఇదే ఆ గడియ. ఆవిడ స్టూలు అంచు పట్టుకుంది. కొట్టండ్రా, అనుకుంది. ఎర్ర చొక్కాలవాళ్ళూ, ఇప్పుడు కొట్టండి. ఒక్కటి. గోడ మీద బుట్ట పట్టుకుని కూర్చున్న నాటి నుంచి ఆ మనసుకి ఎన్నడూ రాని కోరిక అది. అనుకున్నాక నాలుక చేదుగా అయిపోయింది. అయినా వెనక్కి తీసుకోలేదు. ఏడాదిపాటు మింగిన చేదు ముందు ఇదెంత?

గది పేలిపోయినంత అరుపు వచ్చింది.

ఆవిడ కళ్ళు మూసుకుంది. తర్వాతే ఆ అరుపు ఏడుపు కాదని అర్థమైంది. పోస్ట్‌మాన్ కూర్చున్న చోటే కుర్చీతో సహా ఎగురుతున్నాడు. "మనది! మనది! మనమే కొట్టాం!"

నీలం గోలు. మరిది లేచాడు, నీలం జట్టుకి గోలు పడింది. ఇంతకాలం ఈ వరుసలో జరగని వింత. అందరూ నోళ్ళు తెరిచి మేష్టారి కేసి చూశారు. స్నానాలగది లోపల నుంచి, "ఏమైంది? ఎవరు కొట్టారు? ఆగండి, వస్తున్నా!" అని కేక.

ఆవిడ బుర్రలో ఏదో చటుక్కున తిరిగింది. ఇన్నాళ్ళూ పన్నిన పన్నాగం చెత్తబుట్టలో పడింది, దాని చోట ఇంకోటి తయారై కూర్చుంది. గొంతు సవరించుకుని గదిలోకి వినబడేలా అడిగింది. "మేష్టారూ, ఆయన అక్కడ ఉండగానే గోలు పడిందిగా. ఇప్పుడు ఆయన బయటికి రావచ్చా?"

మేష్టారు ఉలిక్కిపడ్డారు. "రాకూడదు! వస్తే ఇంకేమన్నా ఉందా? ఆట అయ్యేదాకా అక్కడే ఉండాలి!"

"తలుపు! తలుపు పట్టుకోండి!" అని నలుగురూ ఒక్కసారి అరిచారు.

ఆ తలుపు దానంతటదే తెరుచుకుంటుందని మరిదే బయటివైపు గడియ పెట్టించాడు. ఆవిడ లేవబోయేలోపు చెల్లెలు వచ్చి ఆ గడియ వేసేసింది. వేసి, అక్క మొహంలోకి చూడలేక, "ఏడాది నుంచి ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తూనే ఉంది అక్కా" అంది.

"ఏడాది పట్టిందన్నమాట" అంది ఆవిడ. అంతకన్నా తియ్యగా ఏమీ అనలేదు.

మైదానంలో ఇంకా గోలు సంబరమే జరుగుతోంది, బంతి కదల్లేదు. ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుని, వంటింటి గుమ్మం దాటి, వరుస మధ్యలో ఖాళీగా ఉన్న మరిది కుర్చీ దగ్గరికి నడిచింది. మెత్తటి కుర్చీ, చేతులున్నది. కూర్చుంది. గోడంత టీవీ. నీలం చొక్కా వేసుకున్నవాడి కనుబొమ మీద మట్టి కూడా కనబడుతోంది. ఎవరూ లేవమని అనలేదు. బంతి కదిలింది మరి, అనడానికి వీల్లేదు.

తలుపు మీద దబదబ. "ఒసేయ్! గడియ ఎవరు వేశారే? వదినా! మీరన్నా తియ్యండి!"

"నేను లేవకూడదు మరిదీ" అంది ఆవిడ, కళ్ళు బంతి మీంచి తిప్పకుండా. "నేను లేచే మనిషినని నువ్వే అన్నావు కదా. ఏడాదికి బుద్ధొచ్చింది."

పోస్ట్‌మాన్ ఫక్కున నవ్వాడు.

"వదినా, ఫైనలు వదినా! నా టీవీ వదినా!"

"టీవీ బాగుంది. నేను చూస్తున్నాలే. నువ్వు ఒక్క సంగతి చెప్పు. కిందటేడు బంతి బయటికి పోయిందని నాతో ఎవరన్నారు?"

ఆట ఉధృతంగా సాగుతోంది, ఎర్రవాళ్ళు విరుచుకుపడుతున్నారు. అయినా వరుసలో సగం చెవులు తలుపు వైపు తిరిగాయి.

"నేనే అన్నాను" అని సన్నగా వినబడింది.

"వినబడలేదు మరిదీ. నోట్లో ముక్క ఉందా?"

"నేనే అన్నాను! బంతి బయటికి పోలేదు. వేడివి తింటానని అబద్ధం చెప్పి లేపాను! చాలా? తలుపు తియ్యండి!"

మేష్టారి మెడ మెల్లగా ఇటు తిరిగింది. బంతి ఆటలో ఉండగా ఆయన టీవీ మీంచి చూపు తిప్పడం ఆ వరుస అదే మొదటిసారి చూసింది. "చెల్లెమ్మా... మేం నిన్ను అనవసరంగా..."

"అటు చూడండి మేష్టారూ. గోలు దగ్గర మనవాడు పడిపోయాడు. నా సంగతి తర్వాత. ఏడాది ఆగాను, మీరు కాసేపు ఆగలేరా?"

ఆయన చటుక్కున అటు తిరిగారు. దర్జీ వరుస ఆ చివర కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఉన్న మోకాళ్ళన్నిటి మీదుగా ఒక వేరుశనగల పళ్ళెం నడిపించి పెళ్ళానికి అందేలా చేశాడు. ఆయన జన్మలో చేసిన ప్రసంగం అదొక్కటే.

ఆఖరి ఈల మోగింది. కప్పు నీలం చొక్కాలవాళ్ళదే. గది గదంతా గంతులు. మేష్టారు పోస్ట్‌మాన్‌ని ఎత్తుకున్నారు, పోస్ట్‌మాన్ కుర్చీని ఎత్తుకున్నాడు. ఆవిడ మాత్రం కూర్చున్న చోటు నుంచి కదలకుండా, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. ఈసారి అరుపుని పంచుకోవడానికి చుట్టూ మనుషులున్నారు.

చెల్లెలు గడియ మీద చెయ్యి వేసి అడిగింది. "తియ్యనా అక్కా?"

"ఆగవే. కప్పు ఎత్తనీ."

కప్పు ఎత్తారు. కెప్టెను మాట్లాడాడు, కోచ్ మాట్లాడాడు, గెలిచిన జట్టు మైదానం చుట్టూ తిరిగింది.

"అక్కా?"

"గోలు మళ్ళీ చూపిస్తారటే. చూడనీ."

మళ్ళీ చూపించారు, మెల్లగా, అన్ని వైపుల నుంచీ. తలుపు వెనక నుంచి దబదబ అప్పటికి బతిమాలుకునే చప్పుడుగా మారిపోయింది. సబ్బు ప్రకటన వచ్చింది. ఆవిడ చూసింది. గోడలకి వేసే రంగుల ప్రకటన వచ్చింది, అదీ చూసింది. వార్తలు వచ్చాయి. ఎక్కడో ఒక వంతెన కడుతున్నారని చెబితే శ్రద్ధగా తలూపింది. రేపు ఎండగా ఉంటుందని చెప్పాక, అందరూ చూస్తుండగా, నడుం నిటారుగా పెట్టుకుని కుర్చీలోంచి లేచింది.

గడియ దగ్గర చెల్లెలు పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. ఆవిడ గడియ ముట్టుకోకుండానే దాటిపోయి, పొయ్యి మళ్ళీ వెలిగించింది. తనకింకా ఆకలి తీరలేదు.